వెనిగర్ వేయని సీసాలు

వెలిచ్కో మాన్చెవ్ ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాడు. ఊరి స్టాండులో బయల్దేరి, నది పక్కనే సాగి, కొండ మీద చివరి పల్లె దాకా పోయి తిరిగొచ్చే బస్సు అది. డ్రైవరు వెనక సీట్లు ఎప్పుడూ గంపలతో సంతకు దిగే ముసలమ్మలవే. వాళ్ల మాటలన్నీ తిండి చుట్టూనే తిరిగేవి. ఎవరింట్లో పిండి సాగలేదు, ఎవరింట్లో పెరుగు తోడుకోలేదు, గుమ్మడి పూర్ణంలో దాల్చినచెక్క ఏ పాటి వేయాలి. అద్దంలో వాళ్లను చూస్తూ, వింటూ వింటూ అతనికి వంట మీద మనసు పడింది. నడుము నొప్పి వల్ల యాభై అయిదో ఏట స్టీరింగు వదిలేసిన వారానికే నడుముకి తువ్వాలు చుట్టుకుని వంటగదిలోకి దూరాడు.

అతని భార్య రుమ్యానా ఒకప్పుడు డబ్బాల్లో పళ్లు నిలవ చేసే ఊరి ఫ్యాక్టరీలో, సరుకు పరీక్షించే గదిలో గాజు సామాను కడిగేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక పోస్టాఫీసులో పార్సిళ్ల దగ్గర కూర్చుంటోంది. మొగుడు వంట మొదలుపెట్టాడంటే మొదట్లో సంతోషించింది. మొదటి బనిత్స తిన్నాక కొంచెం ఆలోచనలో పడింది. పల్చటి పిండి పొరల మధ్య ఉప్పు జున్ను పెట్టి కాల్చే ఆ రొట్టె పైన బొగ్గు, లోపల పచ్చిపిండి.

"పై పొర తీసేసి, కింది పొర పారేసి, మధ్యది తింటే బాగానే ఉంది," అంది రుమ్యానా.

అతను వెనక్కి తగ్గే రకం కాదు. పాత ట్రిప్పు షీట్ల వెనక రాసుకుంటూ పోయాడు. తురిమిన క్యారెట్టు, అక్రోట్లు కలిపి చేసిన వడలు నూనెలో వేయగానే విచ్చిపోయి పొడి అయ్యాయి. ఆ పొడినే పెరుగులో కలిపి ఇంకో పేరు పెట్టాడు. ఉడికిస్తే దురద పోయే లేత దురదగొండి ఆకుతో అన్నం కుదిరింది. బీన్సు గింజలు ఉడికించి, మెత్తగా నూరి, పుదీనా వేసి రొట్టె మీద పూసుకుంటే అదీ కుదిరింది. పుల్ల యాపిళ్లు తురిమి పెరుగుతో చేసిన కేకు ఒకరోజు ఎంత బాగా వచ్చిందంటే, రుమ్యానా మిగిలిన ముక్కలు పోస్టాఫీసుకు పట్టుకెళ్లింది. ఆ మర్నాడు అలాగే చేస్తే రాయిలా వచ్చింది. ఎందుకలా అయిందో మూడు షీట్ల నిండా రాసుకున్నాడు.

ఏం చేసినా ఒక పళ్లెం పై అంతస్తుకు వెళ్లాల్సిందే. అక్కడ యోర్దాంకా అనే ఆవిడ ఉండేది. అందరూ దాంకా అనేవారు, వెలిచ్కోకు దాంకా పిన్ని. డెబ్బై రెండేళ్లు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ముప్పై ఏళ్లు బడి క్యాంటీనులో వండింది. ఆవిడ బాల్కనీలో చలికాలానికి నిలవ పెట్టిన సీసాలు ముందు వరుస, వెనక వరుస, పైన అర, కింద అర అన్నీ కలిపి ఎన్నుంటాయో ఆవిడకే తెలియదు. మూత మీద తేదీ లేని సీసా మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

"ఇది తినడానికా అబ్బాయ్, గోడ పగుళ్లకు పూయడానికా?" అని ఆ బీన్సు ముద్దను చూసి అడిగింది.

"తిని చెప్పు పిన్నీ."

తింది. "గోడకే బాగుంటుంది," అంది. కానీ పళ్లెం ఖాళీ చేసి ఇచ్చింది.

నాలుగేళ్లు ఇలాగే గడిచాయి. ఆవిడ నోటి నుంచి బాగుందన్న మాట ఒక్కసారీ రాలేదు. వెలిచ్కో పైకి నవ్వేవాడు. మెట్లు దిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ ఖాళీ పళ్లాన్నే చూసుకుంటూ దిగేవాడు.

ఆ ఏడు సెప్టెంబరులో ఎప్పటిలాగే ఊరంతా కాల్చిన మిరపకాయల వాసన. ఇవి అరచెయ్యంత ఉండే ఎర్రటి తీపి మిరపకాయలు. ప్రతి బాల్కనీలో కాల్చే కుంపటి, పక్కన తొక్క తీసే మనిషి, లోపల గ్యాసు మీద మరిగే వెనిగర్. ఆ వెనిగర్ వాసనంటేనే వెలిచ్కోకు విసుగు. ఎవరింట సీసా తెరిచినా ఒకటే పులుపు, మిరపకాయ రుచి ఎక్కడుందో వెతుక్కోవాలి అనేవాడు. తను వేరేగా చేయాలనుకున్నాడు. మిరపకాయలు కాల్చి, తొక్క తీసి, వెల్లుల్లి గడ్డలు గడ్డలుగానే కాల్చి, రెబ్బలు విడదీసి మధ్య మధ్య పెట్టాడు. పొద్దుతిరుగుడు నూనె గోరువెచ్చగా చేసి సీసా అంచు దాకా పోశాడు. మూత బిగించాడు. వెనిగర్ చుక్క వేయలేదు. నూనె కింద గాలి ఉండదు కదా, గాలి లేకపోతే ఏదీ పాడవదు కదా అనుకున్నాడు. ఏడు చిన్న సీసాలు వచ్చాయి. పొయ్యి పైన అరలో, వెచ్చగా ఉండే చోట వరసగా పెట్టి, వాటిని చూసుకుంటూ మూడు వారాలు గడిపాడు. కిటికీలోంచి ఎండ పడితే నూనెలో ఎరుపు వెలిగేది.

అక్టోబరు మొదట్లో ఒకటి తామిద్దరూ తెరిచారు. రుమ్యానా రొట్టెతో మూడు ముక్కలు తిని, చాలా బాగుందంది. ఎలా చేశావని మాత్రం అడగలేదు. ఒకటి తన చెల్లెలికి పంపింది, ఒకటి పోస్టుమాస్టరమ్మకు ఇచ్చింది. వెలిచ్కో ఒకటి తనతో బస్సు నడిపిన మెతోదికి ఇచ్చాడు. ఇంకొకటి చేత్తో పట్టుకుని పై అంతస్తుకు ఎక్కాడు.

దాంకా సీసాను వెలుగుకు పెట్టి చూసింది. తలకిందులు చేసింది. మూత మీద వేలితో కొట్టి విన్నది.

"వెనిగర్ ఎంత వేశావు?"

వేయలేదంటే ఆవిడ సీసా తెరవకుండానే వెనక్కి ఇస్తుందని అతనికి తెలుసు.

"వేశాను పిన్నీ. కొంచెమే. తెలిసీ తెలియనంత," అన్నాడు.

ఆవిడ అతని ముఖంలోకి ఒక క్షణం చూసి, మూత తీసి, ఫోర్కుతో ఒక ముక్క లాగి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. వెల్లుల్లి రెబ్బ ఒకటి తింది. మరో ముక్క తీసుకుంది.

"ఇది బాగుంది వెలిచ్కో," అంది.

అతను కిందికి దిగి వచ్చి ఆ మాట రుమ్యానాకు రెండు సార్లు చెప్పాడు. ఆ రోజు ఆదివారం.

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి అంబులెన్సు వచ్చి దాంకాను ఎక్కించుకుపోయింది. వెలిచ్కో రొట్టె కొనడానికి వెళ్లి వచ్చేసరికి మెట్ల దగ్గర జనం. పక్షవాతమట, కళ్లు మూతలు పడిపోతున్నాయట అన్నారు. సంచి గుమ్మంలో పెట్టేసి అలాగే ఆసుపత్రికి నడిచాడు.

దాంకా తలగడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖంలో ఏదో మారింది. మనిషి నిద్రలోకి జారుతున్నట్టు రెండు కనురెప్పలూ సగానికి వాలి ఉన్నాయి, ఆవిడ మాత్రం మెలకువగానే ఉంది. అతని అడుగుల చప్పుడు విని, వేలితో కుడి రెప్ప పైకెత్తి చూసింది.

"ఇద్దరు వెలిచ్కోలు కనిపిస్తున్నారురా," అంది. మాట ముక్కులోంచి వస్తోంది. "ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను."

నర్సు నీళ్ల గ్లాసు అందించింది. దాంకా ఒక గుక్క నోట్లో పోసుకుంది. అది గొంతు దిగలేదు. ముక్కులోంచి బయటికి వచ్చి గడ్డం మీదుగా కారింది. ఆవిడ కంగారుగా తుడుచుకుంది, అందరి ముందూ ఏదో తప్పు చేసినట్టు.

ఇద్దరు కనిపించడం అన్న మాట దగ్గరే వెలిచ్కో ఆగిపోయాడు. చాలా ఏళ్ల కిందట బస్సులో ఒకావిడ చెప్పింది. వాళ్ల పల్లెలో తండ్రీ కూతుళ్లు ఇంట్లో నిలవ పెట్టిన సీసాలోది తిన్నారు. రెండో రోజుకు పిల్లకు అన్నీ రెండేసి కనిపించాయి. నీళ్లు మింగలేకపోయింది. ఆ తర్వాత ఊపిరి ఆగిపోయింది. అప్పుడు అతను అద్దంలో ఆవిడను చూస్తూ, అయ్యో అని, గేరు మార్చాడు. అంతే. ఇన్నేళ్లూ మళ్లీ గుర్తు రాలేదు. ఇప్పుడు ఆ గొంతు చెవి పక్కనే వినిపిస్తోంది.

డాక్టర్ యానేవా లోపలికి వచ్చింది. చిన్న వయసు, జుట్టు వెనక్కి బిగించి కట్టుకుంది. "మెదడుకు రక్తం సరిగ్గా అందక ఇలా అవుతుండొచ్చు. తలకు స్కాన్ తీయాలి," అంది. దాంకా వైపు వంగి, "అమ్మా, ఈ రెండు మూడు రోజుల్లో ఏం తిన్నారు?" అని అడిగింది.

"ఏముంది, ఎప్పుడూ తినేదే. రొట్టె, జున్ను, సూపు."

డాక్టర్ వెలిచ్కో వైపు తిరిగింది. "మీరు చుట్టాలా?"

"కింద అంతస్తు," అన్నాడు.

"మీకేమైనా తెలుసా?"

అతని నోరు తెరుచుకుంది. నాలుక ఎండి అంగిలికి అతుక్కుంది. ఇది భయం వల్లా, లేక తనకూ మొదలైందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. "ఆవిడ ఒక్కతే ఉంటుంది," అన్నాడు.

డాక్టర్ తలాడించి వెళ్లిపోయింది.

ఆసుపత్రికి ఎదురుగా బస్సు స్టాపు ఉంది. వెలిచ్కో అక్కడ బల్ల మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో అప్పుడు తెలియలేదు. తర్వాత లెక్క వేసుకుంటే రెండు గంటలు. బస్సులు వచ్చాయి, పోయాయి. తెలిసిన డ్రైవర్లు హారన్ కొట్టారు. ఒకడు తలుపు తెరిచి, "ఎక్కుతావా అన్నా?" అన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు. పక్షవాతమే అయ్యుంటుంది, డాక్టర్ చెప్పింది కదా, డాక్టర్‌కి తెలియకపోతే తనకు తెలుస్తుందా అని చెప్పుకున్నాడు. తామిద్దరూ అదే తిన్నారు, ఏమీ కాలేదు కదా అని చెప్పుకున్నాడు. ఎదురుగా ఉన్న బోర్డు మీద అక్షరాలు ఒకటిగానే కనిపిస్తున్నాయా లేదా అని ప్రతి అయిదు నిమిషాలకూ చూసుకున్నాడు. అది సీసా వల్లే అయితే తనను ఏమంటారు? పోలీసులు వస్తారు. ఊళ్లో అందరూ అంటారు, బస్సు వెలిచ్కో వంటతో ముసలమ్మను చంపాడని. వెనిగర్ వేశానని అబద్ధం కూడా చెప్పాడు. ఆ మాట ఆవిడకు, తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ మాట్లాడలేకపోతే, తనకొక్కడికే తెలుస్తుంది.

ఆ ఆలోచన వచ్చినప్పుడు బల్ల మీంచి లేచాడు. ఆసుపత్రి వైపు వెళ్లలేదు. ఇంటి వైపు నడిచాడు.

దాంకా ఇంటి తాళంచెవి అతని దగ్గర ఒకటి ఉండేది. ఆవిడ వేడి నీళ్ల ఊటలకు పోయినప్పుడల్లా పూలకుండీలకు నీళ్లు పోసేవాడు. మెల్లగా తలుపు తీసి లోపలికి వెళ్లాడు. వంటగది బల్ల మీద సీసా ఉంది. సగం అయిపోయింది. ఆవిడ మూత మీద కాగితం ముక్క అంటించి, తేదీ వేసి, కింద 'వెలిచ్కోది' అని రాసింది.

సీసాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాల్చిన వెల్లుల్లి, నూనె. ఆకలి పుట్టించే వాసన. చెడిన జాడ ఏమీ లేదు. దాన్ని సింకు దగ్గరికి తీసుకెళ్లి కొళాయి తిప్పాడు. నీళ్లు ధారగా పడుతున్నాయి. ఈ సీసా కడిగేసి, తుడిచి, ఆవిడ ఖాళీ సీసాల మధ్య పెట్టేస్తే అయిపోతుంది. మిగిలినవి వెళ్లి తెచ్చుకుంటాడు. చేయి సీసాను ధార కింద దాకా తీసుకెళ్లింది. చల్లటి నీళ్లు వేళ్ల మీద పడ్డాయి.

కొళాయి కట్టేశాడు. ఎందుకు కట్టేశాడో తనకే తెలియదు.

సీసాతో మెట్లు దిగుతుంటే రుమ్యానా మధ్యాహ్నం భోజనానికి వచ్చి తలుపు తాళం తీస్తోంది. అతని ముఖం, చేతిలో సీసా చూసి అక్కడే నిలబడిపోయింది.

"దాంకాకు ఎలా ఉంది?"

"రెండేసి కనిపిస్తున్నాయట. నీళ్లు దిగట్లేదు."

రుమ్యానా సీసా వైపు చూసింది. పరీక్షల గదిలో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి.

"ఇందులో వెనిగర్ ఎంత?"

అతను సీసాను వీపు వెనక్కి తీసుకున్నాడు.

"వెలిచ్కో, ఎంత వేశావని అడుగుతున్నాను."

"వేయలేదు."

"ఎంతసేపు మరిగించావు?"

"మరిగించలేదు. నూనె వెచ్చబెట్టి పోశాను."

ఆమె గుమ్మంలో చెప్పుల పెట్టె మీద కూర్చుంది. ఆమె చేయి తెలియకుండానే తన కనురెప్పల మీదికి వెళ్లింది. "ఒకసారి ఫ్యాక్టరీలో ఒక గది నిండా డబ్బాలు గొయ్యి తీసి పూడ్చిపెట్టారు," అంది. "దేనికీ వాసన లేదు. మూత ఉబ్బలేదు. మా కెమిస్టు ఆరోజు చేతులు పది సార్లు కడుక్కుంది. గాలి లేని చోటే ఆ విషపు క్రిమి పెరుగుతుందే అని చెప్పింది నాకు. నువ్వు గాలి లేకుండా చేసి, వెచ్చగా దాచిపెట్టావు." ఆగింది. "దానికి మందుంది. కానీ అదేనని డాక్టర్లకు తెలియాలి. ఎంత తొందరగా తెలిస్తే అంత."

"నన్ను జైల్లో పెడతారా రుమ్యానా?"

"పెట్టొచ్చు. పద."

ప్లాస్టిక్ సంచిలో సీసా చుట్టి, ఇద్దరూ దాదాపు పరిగెత్తుతూ వెళ్లారు. వెలిచ్కో డాక్టర్ యానేవా ముందు నిలబడి, ఏం చేశాడో, ఏది వేయలేదో, ఏమని అబద్ధం చెప్పాడో వరసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె మెడలోని స్టెతస్కోపునే చూశాడు. ఆమె ఒక్కసారి మాత్రమే అడ్డం వచ్చింది.

"ఈ అనుమానం మీకు ఎప్పుడు వచ్చింది?"

"ఇప్పుడే," అన్నాడు.

పక్కన రుమ్యానా ఉంది. ఆ రెండు గంటల సంగతి ఆమెకూ తెలియదు.

డాక్టర్ అప్పటికే ఫోను దగ్గరికి వెళ్లిపోయింది. విరుగుడు మందు ఊళ్లో లేదు. రాజధాని సోఫియా నుంచి కారులో రావాలి. అది వచ్చేసరికి సాయంత్రం ఏడయింది. అప్పటికి దాంకా చెయ్యి ఎత్తలేకపోతోంది.

ఈలోగా సీసాలు వెనక్కి తేవాలి. పోస్టుమాస్టరమ్మది తెరవలేదు. రుమ్యానా చెల్లెలు ఫోనులో మాట విని సీసాను ఇంటి బయట పెట్టేసి, తలుపు వేసుకుని కూర్చుంది. మెతోది ఇంటికి వెలిచ్కో వెళ్లాడు.

"ఇచ్చింది వెనక్కి అడుగుతావేంట్రా, సిగ్గు లేదూ?" అని మెతోది నవ్వాడు. "ఇవ్వను పో. నిన్న మా ఆవిడ గుడ్లలో వేసి వేయించింది, వేళ్లు నాక్కున్నాం."

"ఎన్ని తిన్నారు?"

"ఏంట్రా నీ గోల. సగం పైనే."

"మెతోదీ, అందులో విషం ఉండొచ్చు. దాంకా ఆసుపత్రిలో ఉంది."

మెతోది నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కానీ కళ్లలో పోయింది. లోపలికి తిరిగి, "మార్తా, ఇలా రా," అన్నాడు. ఆ గొంతులో అలాంటి మెత్తదనం వెలిచ్కో ముప్పై ఏళ్లలో వినలేదు. భార్య వచ్చింది. మెతోది ఆమె గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి, కళ్లలోకి చూశాడు. ఆ తర్వాత అద్దం దగ్గరికి వెళ్లి తన కళ్లు చూసుకున్నాడు. వెలిచ్కో సీసా తీసుకుని బయటికి వచ్చాడు.

ఆ తర్వాతి పది రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, రెండు ఇళ్లలో నలుగురు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గడిపారు. పొద్దున్న లేవగానే రుమ్యానా, వెలిచ్కో గోడ మీద క్యాలెండరు చదువుకునేవారు. "ఆ మూల చిన్న అక్షరాలు చదువు," అనేది ఆమె. అతను చదివేవాడు. "ఇప్పుడు నువ్వు." గొంతు కొంచెం బొంగురుపోతే మళ్లీ క్యాలెండరు దగ్గరికి వెళ్లేవారు. మొదటి ముద్ద మింగేటప్పుడు ఇద్దరూ తినడం ఆపి చూసుకునేవారు. నలుగురికీ ఏమీ కాలేదు. మెతోది భార్య ముక్కల్ని గుడ్లతో బాగా వేయించడమే కాపాడిందా, ఆ సీసాలో అసలేమీ లేదా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు.

పరీక్షకు పంపిన సీసాల ఫలితం నెల తర్వాత వచ్చింది. రెండింటిలో ఆ విషం ఉంది. ఒకటి దాంకాది. రెండోది అతని అరలోనే మిగిలిన రెండింటిలో ఒకటి, మూత తీయనిది. రుమ్యానాకు బాగా నచ్చిందని ఆమె కోసం దాచిన సీసా. ఆ కాగితం చదివి, అతను బాత్రూములోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

అప్పటికి దాంకా యంత్రంతో ఊపిరి తీసుకుని, దాని నుంచి బయటపడి వారమైంది. మందు ఇచ్చిన మూడో రోజున ఆవిడ ఊపిరి సొంతంగా ఆడడం మానేసింది. పంతొమ్మిది రోజులు గొంతులో గొట్టంతో ఉంది. వెలిచ్కో రోజూ పొద్దున్న వెళ్లి గాజు తలుపు బయట నిలబడేవాడు. ఆవిడకు అంతా తెలుస్తూనే ఉంటుంది, వినిపిస్తూనే ఉంటుంది, కదలడమే రాదు అని నర్సు చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి నిద్ర పట్టేది కాదు. లోపల ఆవిడ ఏం ఆలోచిస్తోందో అని.

ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చి వాంగ్మూలం రాసుకుంది. పోలీసు స్టేషనుకు రెండు సార్లు పిలిచారు. కావాలని చేసింది కాదని, కేసు లేదని చివరికి చెప్పారు. అతను జైలుకు వెళ్లలేదు. కానీ ఒకరోజు తలుపు తీస్తే గుమ్మం ముందు చాపమీద ఒక పళ్లెం ఉంది, కడిగి, తుడిచి. తనదే, ఎప్పుడో యాపిల్ కేకు పెట్టి రెండో అంతస్తుకు ఇచ్చింది. మర్నాడు ఇంకోటి. వారంలో ఆరు పళ్లాలు, రెండు గిన్నెలు వచ్చి చేరాయి. ఎవరూ గంట కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. మెట్ల మీద ఎదురైతే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవారు.

ట్రిప్పు షీట్లన్నీ కట్టగట్టి అటక మీద పడేశాడు. పొయ్యి ముట్టుకోవడం మానేశాడు. రుమ్యానా సాయంత్రం వచ్చి బంగాళదుంపలు ఉడకబెడితే, ఉడికిందా అని నాలుగు సార్లు అడిగేవాడు. "ఉడికింది వెలిచ్కో, కూర్చో," అనేది ఆమె విసుగు లేకుండా.

దాంకా ఫిబ్రవరిలో ఇంటికి వచ్చింది. సగం బరువు తగ్గి, చేతికర్రతో. గొంతు మునుపటిలా రాలేదు, గుసగుసగానే ఉండిపోయింది. సామాను పైకి మోసింది వెలిచ్కోనే. మోసి, గుమ్మంలో పెట్టి, ఆవిడ ముఖం చూడకుండా దిగిపోయాడు. నెల రోజులు అలాగే గడిచింది. రుమ్యానా రోజూ సూపు తీసుకెళ్లేది. అతను వెళ్లలేదు.

మార్చిలో ఒక ఆదివారం ఇంటి కప్పు మీద టకటకమని చప్పుడు. ఆగి, మళ్లీ. పైన దాంకా కర్రతో నేల మీద కొడుతోంది.

"నిన్నే పిలుస్తోంది," అంది రుమ్యానా.

"నాకు భయంగా ఉంది."

"నాకు తెలుసు. నేనూ వస్తాను, పద."

దాంకా వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద పాలు, బొంబాయి రవ్వ, పంచదార, నిమ్మకాయ. ఇంతకు ముందు ఎప్పుడూ ఆవిడ అతన్ని ఏదీ వండమని అడగలేదు.

"గట్టిగా ఉన్నవి ఇంకా దిగడం లేదు," అంది గుసగుసగా. "మీ ఆవిడ సూపు తాగి తాగి నోరు చచ్చింది. తీపి ఏదైనా చెయ్. ఇక్కడే, నా ఎదురుగా చెయ్."

"నేను చేయలేను పిన్నీ. రుమ్యానా చేస్తుంది."

"నేను అడిగింది నిన్ను."

అతను గిన్నె తీసుకున్నాడు. మసిగుడ్డతో దాన్ని రెండు సార్లు తుడిచాడు. పాలు మరిగాయి. ఇంకా మరగనిచ్చాడు. రవ్వ పోస్తుంటే కొంత పొయ్యి మీద పడింది. దాంకా తిట్టకుండా ఊరుకోవడమే అతనికి భరించరానిదైంది. గరిటె తిప్పుతూ, ఆవిడ వైపు వీపు పెట్టే మాట్లాడాడు.

"ఆరోజు నువ్వు రెండేసి కనిపిస్తున్నాయి అన్నప్పుడే నాకు తెలిసిపోయింది పిన్నీ. డాక్టర్ అడిగింది. నేను చెప్పలేదు. బయట బస్సు స్టాపులో కూర్చున్నాను."

రుమ్యానా తలెత్తింది.

"ఎంతసేపు?" అంది దాంకా.

"రెండు గంటలు. ఆ తర్వాత వచ్చి, ఈ సింకు దగ్గరే, సీసా కడిగేయబోయాను."

గిన్నెలో రవ్వ బుడగలు వేస్తోంది. రుమ్యానా కుర్చీ కొంచెం జరిగిన చప్పుడు వినిపించింది.

"గొట్టం పెట్టాక," అంది దాంకా, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ, "నువ్వు తలుపు బయట నిలబడడం నాకు కనిపించేది. రెప్పలు మూసుకుపోయేవి కదా, నర్సు వాటిని ఎత్తి మందు చుక్కలు వేసేటప్పుడు చూసేదాన్ని. రోజూ ఒకే చోట నిలబడేవాడివి. వీడు ఏదో దాస్తున్నాడు అనుకునేదాన్ని. వెనిగర్ సంగతి కాదు. అది నువ్వు చెప్పిన రోజే నాకు తెలుసు, నీకు అబద్ధం ఆడడం రాదు. తెలిసీ తిన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు వండినదాన్ని, తెలిసీ తిన్నాను. బాగుంది మరి."

అతను పొయ్యి కట్టేశాడు. గిన్నె మాత్రం దించకుండా గరిటె పట్టుకునే నిలబడ్డాడు.

"ఆ రెండు గంటలు నేను క్షమించానని చెప్పను," అంది. "ఇంకా నాకే తెలియదు. అడుగంటుతోంది, తీయ్."

నిమ్మతొక్క తురిమి, చిన్న గిన్నెలో పోసి, ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ స్పూను పట్టుకుంది. మొదటిది జాగ్రత్తగా మింగింది, గడ్డం కిందికి వంచి, ఆసుపత్రిలో నేర్పినట్టు. రెండోది మింగింది. మూడోదానికి దగ్గు వచ్చింది.

వెలిచ్కో పక్కనున్న కుర్చీ దొర్లిపోయేంత వేగంగా ఆవిడ మీదికి వంగాడు. రుమ్యానా అతని మోచేయి పట్టుకుంది. దాంకా చేయి ఎత్తి ఆగమంది, దగ్గి, గొంతు సవరించుకుంది, కళ్లు తుడుచుకుంది.

"పంచదార ఎక్కువైంది," అంది. నాలుగో స్పూను తీసుకుంది.

రుమ్యానా దొర్లిన కుర్చీ నిలబెట్టి, "కూర్చో," అంది. అతను కూర్చోలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ గొంతు కదలికనే చూస్తూ నిలబడ్డాడు.